తెల్ల కాగితం చదివినవాడు

గద్వాలలో మా షావుకారు కొట్టులో మేం నలుగురం గుమాస్తాలం. అప్పుకు వచ్చినవాళ్ళ చేత తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాం. అంకెలు తర్వాత మాకు తోచినట్టు నింపుకుంటాం. నెల కిందట చేరిన నర్సింహులు మాత్రం పత్రమంతా రాసి, చదివి వినిపించి గాని ముద్ర వేయించేవాడు కాదు. వాడికి ‘పురాణం పంతులు’ అని పేరు పెట్టాం. అన్నం వేళ పక్కన కూర్చోనివ్వలేదు. ఆకులోకి సున్నం అడిగినా ఇవ్వలేదు.

ఈ రోజు మధ్యాహ్నం ఇటిక్యాల నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. మా ముగ్గురినీ దాటుకుని నేరుగా వాడి ముందే కూర్చుంది.

“నువ్వు సదివి సెప్తవంట గద బిడ్డా. గందుకే నీ తానకు వచ్చిన,” అంది.

నర్సింహులు ఒకసారి మా వైపు చూశాడు. తెల్ల కాగితం తీసి, ఏమీ లేని ఆ కాగితాన్ని గడగడా చదివాడు. “ఇరవై రూపాయలు. ధర్మవడ్డీ. పంట రాంగనే కట్టాలె. సమజైందా అవ్వా?”

“సమజైంది నాయనా. నీ కడుపు సల్లగుండ,” అని ఆమె వేలు చాపింది.

ఆమె వెళ్ళాక వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, ఆకుకు సున్నం నేనే రాసిచ్చాను. ఇన్నేళ్ళూ మేం నోరు మూసుకుని మోసం చేశాం. రేపటి నుంచి మేమూ తెల్ల కాగితాన్నే చదివి వినిపిస్తాం.

దారికి రావడానికి వాడికి నెల పట్టింది. నాకు రెండు రోజులే. మీకెన్నాళ్ళు పట్టిందో సిగ్గుపడకుండా చెప్పండి.