నూతి కాడికి రమ్మన్న హీరో

మొన్న శ్రీకాకుళంలో బీపీ మాత్రలు కొందామని మందుల షాపుకి వెళ్తే, గోడ మీద మోకాళ్ళ నొప్పుల నూనె పోస్టర్లో వాళ్ళిద్దరూ కనిపించారు. ఒకప్పుడు మంచుకొండల మీద ఆయన స్వెట్టరుతోనూ, ఆవిడ పల్చటి చీరతోనూ దొర్లి దొర్లి పాటలు పాడిన హిందీ జంట. ఇప్పుడు ఆయన మోకాలు పట్టుకుని మూలుగుతున్నాడు, ఆవిడ నూనె సీసా చూపించి నవ్వుతోంది. షాపతను "ఇంకేటి కావాల మావా?" అని రెండుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు. ఒళ్ళంతా చెమట పట్టేసింది. అది బీపీ వల్ల పట్టిన చెమట కాదు.

కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్ళో, పండగలకీ పబ్బాలకీ టీవీ, వీడియో డెక్కూ అద్దెకి తెచ్చి రైసుమిల్లు గోదాంలో సినిమాలు వేసేవారు. మధ్యాహ్నం పూట, కిటికీలకి గోనెసంచులు కట్టి. ఎప్పుడూ హిందీ క్యాసెట్లే దొరికేవి, అందులోనూ ఈ జంటవే. జనం అయిదువందల మంది ఉండేవారంటాను, మీరు సగం తీసెయ్యండి. వాళ్ళందరికీ టీవీ పక్కన నిలబడి ఆ హిందీకి అప్పటికప్పుడు తెలుగు చెప్పేవాణ్ణి నేను. నా అర్హత ఏమిటంటే, ఖరగ్‌పూర్లో మా పెదనాన్న ఇంట్లో రెండు నెలలున్నాను. అందులో నెలన్నర పచ్చకామెర్లతో మంచం మీదే ఉన్నాను. తక్కిన పదిహేను రోజుల్లో నేర్చింది 'పానీ', 'చాయ్', 'నహీ'. అయినా ఒక్కనాడు దొరికిపోలేదు. ఎందుకంటే ఆ జంట అంత నమ్మకమైంది. ఏ సినిమాలోనైనా మొదట తిట్టుకుంటారు, తరవాత వానలో తడుస్తారు, ఆవిడ తండ్రి ఒప్పుకోడు, చివరికి ఒప్పుకుంటాడు. ఇంత తెలిశాక భాషతో పనేముంది? మా ఊరి ఆడవాళ్ళు ఆయన్ని "మనల్లుడు" అనీ, ఆవిణ్ణి "మన గుంట", అంటే మన పిల్ల, అనీ అనుకుని నా మాటలకి వెక్కి వెక్కి ఏడ్చేవారు.

ఆ రోజుల్లోనే మా మేనత్త నాకు ఆమదాలవలస సంబంధం తెచ్చింది. అప్పటికే రెండు సంబంధాలు "కుర్రోడు కోతలు కోస్తాడట" అన్న పేరుతో తప్పిపోయి ఉన్నాయి. పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి తలెత్తి నన్ను ఒక్కటే అడిగింది, "మీకు హిందీ నిజింగా వొచ్చా?" అని. వచ్చన్నాను. ఆ కళ్ళు చూశాక ఫ్రెంచి వచ్చా అన్నా వచ్చనే అనేవాణ్ణి. ఇంటికొచ్చాక నిద్ర లేదు, తిండి లేదు. ఆ పిల్ల తప్ప ఇంకొకరు వద్దనుకున్నాను.

పది రోజులు గడిచాయి, కబురు లేదు. పదకొండో నాడు గోదాంలో సినిమా. ఆట మొదలయ్యాక మా మేనత్త జనాన్ని తొక్కుకుంటూ వచ్చి నా చెవిలో అంది, "ఒరే, వొరస సివర గళ్ళ తువ్వాలాయన్ని సూసేవా? పిల్ల తండ్రే. కరగపూర్ల రైల్వేలో జలమంతా ఉజ్జోగం సేసినాడు. అబద్ధమంటే ఆయనకి పడదు. నీ హిందీ ఇందామని వొచ్చినాడు."

పోనీ జంట పాత జంటే కదా, గట్టెక్కిస్తారులే అనుకుంటూ తెర వంక చూద్దును కదా, పది నిమిషాలు తిరక్కుండానే ఆవిడ వేరే ఎవడినో పెళ్ళాడేసింది! హీరో వచ్చి ఆవిణ్ణి చూసి "భాబీ" అన్నాడు. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. "ఏటంతన్నాడ్రా?" అని జనం. మేం నుయ్యి అనేదాన్ని పుస్తకాల్లో బావి అంటారు. హిందీవాళ్ళు కాస్త వత్తి పలుకుతారు కాబోలనుకుని, "నూతి కాడికి రమ్మంటన్నాడు" అని చెప్పేశాను.

అంతే, ఇంక గోదాం అంతా నుయ్యి కోసం ఎదురుచూడ్డం. వాడు నిమిషానికోసారి "భాబీ" అంటాడు. నేను "నూతి కాడికి తొరగా రా" అంటాను. గళ్ళ తువ్వాలు కదలదు, మెదలదు. "ఈ గుంట ఎల్లదేట్రా? నుయ్యెప్పుడొస్తాది?" అని ఒకామె విసుక్కుంది. అప్పుడు జరిగింది ఆ ఘోరం. ఎన్ని సినిమాల్లోనో ఆవిడ నడుం పట్టుకుని తిరిగినవాడు, వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

అన్ని తలలూ నావైపు తిరిగాయి. ఆవిడ కాలి మట్టె పడిపోతే వెతుకుతున్నాడని చెబుదామని నోరు తెరిచాను. అదే సమయానికి పిల్ల తండ్రి కళ్ళజోడు తీసి, తువ్వాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశాడు. మట్టె నా గొంతులోనే ఇరుక్కుపోయింది.

"నాకు తెల్దు," అన్నాను. "నాకు హిందీ రాదు."

మా ఊరి ముసలమ్మ ఒకామె లేచి నిలబడింది. "ఒరే, మరి ఇన్నేళ్ళూ ఏడ్సినామే, ఎవుల కోసం ఏడ్సినామురా?"

పిల్ల తండ్రి నెమ్మదిగా లేచాడు. "భాబీ అంటే వొదినమ్మా. అన్న పెళ్ళాం. ఈ సినిమాల ఆళ్ళిద్దరూ వొదినా మరుదులు," అని ఉన్నదున్నట్టు కథ చెప్పబోయాడు. మా వాళ్ళు వింటేగా! "సాల్లే, నువ్వు కూకో బాబూ. ఆళ్ళిద్దరూ వొదినా మరుదులేటి? ఆడు సెప్పిన కతే బాగున్నాది!" అని కసిరారు. ఆయన తువ్వాలు దులుపుకుని బయటికి నడిచాడు.

నేను వెనకాలే పరిగెత్తాను. గట్టు మీద ఆయన ముందు, నేను పది బారలు వెనక, స్టేషన్ దాకా నడిచాం. ప్లాట్‌ఫారం మీద ఆగి అడిగాడు, "ఏటి? ఇంకేటైనా సెప్పాలేటి?"

"మీ అమ్మాయికీ హిందీ వచ్చనే చెప్పానండి. అదీ అబద్ధమే."

"దానికి తెలుసు. 'వొచ్చా అంటే మెడ గోక్కున్నాడు నానా, రాదు' అని ఆ రోజే సెప్పినాది. అడిగితే ఒప్పుకుంతాడో నేదో సూసి రా అని అదే నన్ను తోలింది."

పాసింజరు వచ్చి ఆగింది. ఆయన ఎక్కాడు. గార్డు పచ్చజెండా తీశాక అడిగాను, "మరి అమ్మాయికి ఏం చెప్తారండి?"

"నానెందుకు సెప్తాను? నువ్వే వొచ్చి సెప్పుకో. ఎక్కు."

"టిక్కెట్టు లేదండి!"

"ఆ నిజిం టీసీకి సెప్పుదువుగాని. ఎక్కెహె!"

బండి కదులుతుండగా కమ్మీ పట్టుకుని ఎగిరాను. పాసింజరు మా స్టేషన్లో ఆగేది రెండు నిమిషాలు. తరవాత నడిచిన ఇన్నేళ్ళ కాపరం ఎలా గడిచిందని ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తాను గానీ, ఆ రెండు నిమిషాల గురించి అడిగితే మాత్రం నాకు ఇప్పటికీ ఒక పూట చాలదు.