ద్వారబంధానికి పూసిన ఎర్ర రంగు

ఉప్పునేలలో రెండు మూరలు తవ్వితే తియ్యని నీళ్ళు చూపించే దేవునికి స్తోత్రం. మనం పిల్లలకు నేర్పిన వాక్యాన్ని ఆ పిల్లల చేతనే మనకు తిరిగి నేర్పించే ప్రభువుకు స్తోత్రం. ఆయన నన్ను శిక్షించలేదు, సిగ్గుపరచాడు. ఆ సిగ్గు కొరకు కూడా స్తోత్రం.

అవి పందొమ్మిదివందల అరవైలు మొదలైన కొత్త. మేము తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రం హోరు వినపడే ఒక పల్లెలో కాపురమున్నాము. నేనూ నా భర్తా అక్కడి బడిలో ఉపాధ్యాయులం. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలను కూర్చోబెట్టి బైబిలు కథలు చెప్పే పని నాది. మాకు ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్ళది.

ఆ వేసవిలో బుచ్చిరెడ్డిపాలెంలో నా చెల్లెలు క్షయతో చనిపోయింది. ఆమె భర్త అంతకు ముందే పోయాడు. పదకొండేళ్ళ కూతురు ఒక్కతే మిగిలింది. నెల్లూరులో డాక్టరు గారు ఆ పిల్లకు ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఏ జబ్బూ లేదు అని చెప్పారు. పిల్లను మేమే పెంచుతామని సంఘం ముందు మోకరించి ఒప్పుకున్నాము. ఒప్పుకున్నది నా నోరు. గుండె ఒప్పుకోలేదు.

పిల్లలిద్దరికీ ఇవ్వగలిగింది వరండా పక్కన ఉన్న ఒక్క గది. నెల్లూరు పాత సామాన్ల అంగడిలో రెండు ఇనుప మంచాలు, ఒక చిన్న చెక్క బీరువా కొని బండి మీద తెచ్చుకున్నాము. మంచాల పాత పచ్చరంగు పెచ్చులు లేచి, కోళ్ళు తుప్పు పట్టి ఉన్నాయి. "సముద్రం గాలికి నిలవాలంటే ముందు తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టండమ్మా. అది ఎండినాకనే పై రంగు" అని అంగడాయన చెప్పి, ఎర్ర రంగు ఒక డబ్బా, నీలం ఒక డబ్బా, ఒక బ్రష్షు ఇచ్చాడు.

నేనూ నా కూతురూ వరండాలో కూర్చుని నాలుగు రోజులు ఉప్పుకాగితంతో రుద్దాము. దాని ముక్కుమీద, కనురెప్పలమీద తుప్పు పొడి.

"అక్క మంచం ఎక్కడేస్తామమ్మా?"

"కిటికీ కింద."

"నాది?"

"ఈ గోడకు."

"అంత దూరంలో ఉంటే ఎట్లా మాట్లాడుకునేది?"

"గట్టిగా మాట్లాడుకోండి. మీకు గొంతులు లేవా?"

ఆ పిల్ల ఊపిరి కిటికీలోనుండి బయటికి పోవాలన్నది నా లెక్క. ఆ సాయంత్రం వంటింట్లో నా భర్తతో మనసులో మాట అననే అన్నాను. "చెల్లెలి ఇంట్లో మరణం దూరింది. అది ఈ పిల్ల వెంట మన గడప తొక్కకుంటే చాలు." ఆయన మజ్జిగ తాగుతూ, "డాక్టరు చెప్పినాక ఇంకా ఏందే నీ భయం?" అన్నారు. పెరట్లో నా కూతురు కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది. వింటున్నదని నేను అనుకోలేదు.

ఆ ముందటి ఆదివారమే నేను పిల్లలకు పస్కా కథ చెప్పి ఉన్నాను. ఐగుప్తులో మరణదూత ఇంటింటి పెద్దబిడ్డను చంపుతూ వెళ్ళిన రాత్రి, గొర్రెపిల్ల రక్తాన్ని హిస్సోపు కుంచెతో ద్వారబంధాలకు పూసిన ఇళ్ళను అతడు దాటిపోయాడని, లోపల ఉన్నవాళ్ళు బతికారని చెప్పాను. హిస్సోపు అంటే ఏందని ఒక పిల్లవాడు అడిగితే నాకూ సరిగా తెలియక, "వేపమండ లాంటిదనుకో" అన్నాను.

శుక్రవారం నా భర్త పిల్లను తీసుకురావడానికి బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళారు. శనివారం ఉదయం రెండో మంచానికి ఒక కోడు మిగిలి ఉంటే, దానికి ఎర్ర రంగు పూయమని కూతురికి చెప్పి నేను పాలకు వెళ్ళాను. తిరిగి వస్తుంటే ఎదురింటి రెడ్లావిడ మా వాకిట్లో నిలబడి నవ్వుతోంది.

"ఏందక్కా, మీరు గూడా గడపకు కుంకుమ పెట్టినారే? పోనీలే, పెద్దల పద్ధతి యాడికి పోతాది. పసుపు మర్చిపోయినట్టున్నారు, కావాలంటే మా ఇంట్లో ఉంది."

చూశాను. పిల్లల గది ద్వారబంధం రెండు పక్కలా, పైన అడ్డకమ్మికీ ఎర్రగా పూసి ఉంది. చారలు కారి గడప మీద మడుగు కట్టాయి. నా చేతిలో పాలచెంబు ఒలికింది. ఎవరో చేతబడి చేశారనుకున్నాను. ప్రభువును ఎరిగి, వాక్యం చదివిన నేను ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. అప్పుడు ముక్కాలిపీట మీద నిలబడిన నా కూతురు కనిపించింది. చేతిలో కట్టగట్టిన వేపమండలు. మోచేతులదాకా ఎరుపు.

"ఎవరు చేయమన్నారే నిన్ను?"

"నువ్వే గదా చెప్పినావు. అక్కతో మరణం మన గడప తొక్కతాదని నాయనతో అంటివి గదా. రక్తం యాడ తెచ్చేది? అందుకని ఇది పూసినా."

రెడ్లావిడ నవ్వు ఆగిపోయింది. ఆమె చూపు నా మీదినుండి నా వెనక్కు పోయింది. నేను తిరిగి చూశాను. నా భర్త రేకుపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన పక్కన నా చెల్లెలి కూతురు. అన్నీ విన్నది.

ఆ పిల్లే ముందు మాట్లాడింది. "నేను వరండాలో పడుకుంటాలే పెద్దమ్మా. అమ్మకు దగ్గు ఎక్కువైనప్పుడు అరుగు మీదనే పడుకునేదాన్ని. నాకు అలవాటే."

నా కూతురు పీట దిగి వచ్చింది. దానికి కోపం వచ్చింది. "వరండాలో ఎట్లా పడుకుంటావక్కా? చచ్చిపోతావు. దూత పట్టుకునేది పెద్దబిడ్డలనే గదా. మీ ఇంట్లో నువ్వే పెద్దబిడ్డవు. నీ కోసమే ఇది పూసింది. లోపలుంటేనే దాటిపోతాడు."

అని ఎర్రచేత్తో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గడప దాటించి లోపలికి లాక్కుపోయింది.

ఇన్నేళ్ళూ నేను ఆ కథ చెప్పాను. రక్తం మరణాన్ని బయట ఆపుతుందని చెప్పాను. నా ఇంట్లో నేను బయట ఆపాలని చూసింది ఒక తల్లిలేని పిల్లను. నా బిడ్డ ఆ కథను ఉన్నది ఉన్నట్టుగా విన్నది. ఆ గుర్తు ఉన్నది లోపలికి తీసుకోవడానికని దానికి తెలుసు. పిల్లలిద్దరూ లోపల ఉన్నారు. నేను బయట ఉన్నాను.

"అమ్మా, నువ్వు గూడా రా. బయట ఉండకూడదు" అని పిలిచింది నా కూతురు.

వెళ్ళాను. నా చీర అంచుకు రంగు అంటింది. ఆ పిల్ల ముందు కూర్చుని, ఆ మాట నేనే అన్నాను, తప్పు అన్నాను, క్షమించమ్మా అని అడిగాను. ఆ పిల్ల తల వంచుకుని, "అందరూ అట్నే అన్నారు పెద్దమ్మా. క్షమించమని నువ్వొక్కతివే అడిగినావు" అన్నది. ఆ మాట నన్ను ఇంకా గట్టిగా కొట్టింది.

సాయంత్రానికి మంచాలు రెండూ కిటికీ కింద పక్కపక్కనే పడ్డాయి. ఎరుపు ఇంకా తడిగా ఉందని ఆ రాత్రి ముగ్గురం కిందే చాప పరుచుకున్నాము. ఆ పిల్ల ఊపిరి నా మెడకు తగులుతూ ఉంది. నేను పక్కకు తిరగలేదు.

చదువుతున్న మీ ఇంటి బయట, మీ మాట విని ఆగిపోయిన వారెవరైనా ఉండవచ్చు. వారిని తలచుకుని, ఉన్నచోటనే నాతో కలిసి తల వంచండి. ప్రభువా, మా భయాన్ని జాగ్రత్త అని పిలుచుకున్నాము, క్షమించు. మేము ఆపిన వారి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చే ధైర్యం మాకు ఇయ్యి. ఆమేన్ అని నాతో కూడా పలకండి.