బొడ్డు కింది కొలత

వీధిలో ఆయన్ని టైలరు అని పిలిచేవాళ్లు తక్కువ, "ముప్పై ఆరు" అని పిలిచేవాళ్లే ఎక్కువ. పెళ్లినాటి నుంచి తన నడుము కొలత ముప్పై ఆరేనని, అర అంగుళం కూడా పెరగలేదని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకోవడం వల్ల అంటుకున్న పేరది.

చెప్పినదాంట్లో అబద్ధం లేదు. టేపు ఎక్కడ చుట్టాడన్నదే అసలు సంగతి. పొట్ట ముందుకొచ్చినకొద్దీ ఆయన ప్యాంటు కిందికి జారింది, దానితోపాటు టేపూ బొడ్డు కిందికి దిగింది. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లకూ అదే మర్యాద. ఎంత బొజ్జ ఉన్న పెద్దమనిషికైనా టేపుని పొట్ట కిందుగా పోనిచ్చి, "మీరేం పెరగలేదు సార్, పాత కొలతే!" అని కొట్టంతా వినబడేలా అనేవాడు. ఆ సారు ఉబ్బిపోయి ఇంకో ప్యాంటుకి కూడా గుడ్డ తెచ్చిచ్చేవాడు.

కొట్టు వెనక బల్ల దగ్గర కూర్చుని కాజాలు కుట్టేది ఆయన చెల్లెలు. భర్త పోయినప్పటి నుంచి అన్న నీడనే ఉంటోంది. పోయినేడు ఆమె కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి డయాలిసిస్ చేయించుకుని, మిగతా రోజుల్లో ఓపికున్నంతసేపు సూది పట్టుకునేది.

"నాకు రెండెందుకే, దండగ! ఒకటి నువ్వు తీసుకో," అన్నాడు టైలరు. మాటవరసకు అనలేదు. చెల్లెలంటే ఆయనకి ప్రాణం. రక్తం గ్రూపు కూడా కలిసింది. అప్పటి నుంచి ఆమె మళ్లీ అద్దంలో చూసుకుని తల దువ్వుకోవడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే సాయంత్రమయ్యేసరికి ఆయనకి చెప్పులు బిగుతయ్యేవి. వానకి తోలు ముడుచుకుందనుకుని కొత్తవి కొన్నాడు. మూత్రంలో నురగ కనబడితే, బాత్రూం కడిగిన సబ్బు సరిగ్గా పోలేదని భార్యని కసురుకున్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందని ఊరికే అనలేదు పెద్దలు.

కిడ్నీ ఇచ్చేవాళ్లకి చేసే పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ చెల్లెల్ని బయటే కూర్చోమని, ఆయన్నొక్కణ్నే లోపలికి పిలిచి, నడుము కొలవాలంటూ టేపు తీసింది. "నా పని మీరు చెయ్యడమేంటమ్మా," అని నవ్వుతూ ఆయనే టేపు అందుకుని, అలవాటైన చోట చుట్టి, "ముప్పై ఆరు," అన్నాడు.

ఆమె నవ్వలేదు. టేపుని పైకి జరిపి, పొట్ట చుట్టూ తిప్పింది. నలభై నాలుగు.

"మీ బరువు మరీ ఎక్కువేం కాదు, చేతులూ కాళ్లూ సన్నగానే ఉన్నాయి. కొవ్వంతా పొట్ట లోపల చేరింది. అక్కడ చేరిన కొవ్వు ఊరుకోదండీ. బీపీ పెంచుతుంది, కిడ్నీల మీద భారం వేస్తుంది. మీ బీపీ చాలా ఎక్కువగా ఉంది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. కిడ్నీలు సగం మాత్రమే పనిచేస్తున్నాయి."

"నాకేం నొప్పి లేదు కదమ్మా?"

"చాలామందికి ఉండదు."

"మరి మా చెల్లెలికి..."

"మీరివ్వడానికి వీల్లేదు. ముందు మీవి కాపాడుకోవాలి. మందులు వాడాలి, పొట్ట తగ్గించాలి."

వేలమంది పొట్టల్ని టేపుకి అందకుండా దాచిన చెయ్యి ఆయనది. ఆ చేత్తోనే చొక్కా గుండీ పక్క కాజాలో పెట్టుకున్నాడు. భయపడ్డాడు. తన గురించి కొంత, బయట బల్ల మీద కూర్చున్న మనిషి గురించి ఎక్కువ.

ఇంకో పరీక్ష మిగిలిందని అబద్ధం చెబుదామనుకుంటూ బయటికొచ్చి చెల్లెలి పక్కన కూర్చున్నాడు. ఆమె ఆయన ముఖం చూసింది, తర్వాత పాదాలు చూసింది. వంగి, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"ఎన్నాళ్ల నుంచి అన్నయ్యా?"

"వానకే... చెప్పులు బిగుసుకుపోయి..."

"నేనూ ముందు చెప్పులే మార్చాను అన్నయ్యా," అంది.

కిడ్నీ సంగతి ఆమె అడగలేదు. వేలు తీసేసింది. నొక్కిన చోట గుంట పూడలేదు. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.