నువ్వుల ముద్ద, మీద గ్లాసెడు పాలు

మొన్న పొద్దున ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో మనవరాలు ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చుంది. చలికాలంలో నల్లటి ఒంటికీ, జుట్టుకీ ఏం తింటే మంచిదో అందులో చెబుతున్నారట. "అమ్మమ్మా, నువ్వులు తినాలంట. నీకెరుకేనా?" అంది. ఎరుకేనని అనబోయి ఆగిపోయాను. నువ్వుల సంగతి చిన్నప్పుడు నన్ను ఎంత అయోమయంలో పడేసిందంటే, ఇన్నేళ్లకూ అవుననాలో కాదనాలో తేలడం లేదు.

మా నాన్న బొగ్గు బాయిలో పనిచేసేవాడు. క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాది అమ్మ రంగు, మంచి నలుపు. చలి మొదలయిందంటే ఆ నలుపు మీద బూడిద చల్లినట్టు పొట్టు లేచేది. పెదవులు పగిలి నెత్తురొచ్చేది. దువ్వెన పెడితే జుట్టు చేతికొచ్చేది. అమ్మ దిగులు మాత్రం రంగు గురించే. నల్లవి తింటే ఇంకా నల్లబడతానని ఆమె నమ్మకం. నువ్వులు, రాగిజావ, బెల్లం, చివరికి వంకాయ కూడా నా కంచంలోకి రానిచ్చేది కాదు. అన్నం, పెరుగు, పాలు, ఇడ్లీ, అంతే. మరి నాన్న రోజూ బొగ్గు మసితో వస్తాడు కదా అని అడిగితే, "అది కడిగితే పోతది. తిన్నది లోపలికి పోతది" అనేది. ఆ జవాబులో తప్పెక్కడుందో నాకు దొరికేది కాదు.

ఒక ఏడు చెవి పైన జుట్టు ఊడి, కనబడేంత ఖాళీ అయింది. బడికి పోనని మొండికేశాను. దవాఖానాలో డాక్టరమ్మ రక్తం తక్కువుందని టానిక్ రాసి, మంచి తిండి పెట్టమంది. అమ్మ ఇంకో గ్లాసు పాలు పెంచింది. నాన్న సెలవులు రాగానే నన్ను బస్సెక్కించి భద్రాచలం అవతల అడవి అంచునున్న వాళ్ల అక్క ఊళ్లో దింపి వచ్చాడు.

అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏందే, గోడకు సున్నమేసినట్టున్నవ్?" అంది. మర్నాటి నుంచి పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం మునగాకు పప్పో వాగు చేపల పులుసో, సాయంత్రం రోట్లో బెల్లంతో దంచిన నల్ల నువ్వుల ముద్ద. మొదటి ముద్ద చేతిలో పట్టుకుని ఏడ్చాను.

"నల్లగైతా అత్తమ్మా."

"ఇంకేం నల్లగైతవే, జాగెక్కడుంది?" అని నవ్వింది.

"మరి ఎందుకు తినాలె?"

"నాకేమెరుక? మా అత్త పెట్టింది, నేను తిన్న. తిను."

ఒంటికి ఇప్పనూనె రాసి, ఒక చుక్క బొడ్డులో వేసేది. అట్లా వేస్తే గురక రాదట. మామయ్య గురక ఇల్లంతా వినబడుతుంటేనే ఆ మాట చెప్పేది. అమ్మ అంతే గట్టిగా చెప్పేది, అత్తమ్మా అంతే గట్టిగా చెప్పేది. ఎవరిని నమ్మాలి? తింటున్నంతసేపూ భయం, తిన్నాక ఇంకో ముద్ద అడగాలని ఆశ. పొద్దున లేవగానే ఎండలో చెయ్యి చాపి చూసుకునేదాన్ని.

సెలవులయ్యాక అమ్మ వచ్చింది. వాకిట్లో నన్ను నిలబెట్టి, చెయ్యి అటూ ఇటూ తిప్పి, "రంగు ఎక్కిందా, తగ్గిందా వదినె?" అని అత్తమ్మనే అడిగింది. రంగు అదే. కానీ ఒళ్లు నునుపెక్కి మెరుస్తోంది. పెదవులు మానాయి. చెవి పైన మెత్తగా వెంట్రుకలు మొలిచాయి. అమ్మ అక్కడే వేలితో తడుముతూ ఉండిపోయింది.

"నాకు గూడ చిన్నప్పుడు గిట్లనే ఊడింది," అంది చిన్నగా. "మా అమ్మ నువ్వులు ముట్టనియ్యలె. ఇప్పటిదాక నోట్ల పెట్టలె."

అత్తమ్మ లోపలికెళ్లి ఒక ముద్ద తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ గోడ వైపు తిరిగి, నిలబడే తింది. "ఇంత తియ్యగుంటదా?" అంది. అప్పుడామె నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు.

ఇంటికొచ్చాక చలికాలమంతా నాకు ముద్ద పెట్టి, తానూ తినేది. వెంటనే ఇద్దరికీ చెరో గ్లాసు పాలు. "నల్లదానికి తెల్లది సరిపోతది" అనేది. నన్ను బాగుచేసింది నువ్వులో, టానిక్కో, అడవి గాలో ఇప్పటికీ చెప్పలేను. ముద్దలు మాత్రం ఏటేటా సాగాయి. మధ్యలో ఏ చలికాలంలోనో పాల గ్లాసు రావడం ఆగిపోయింది. అది ఏ ఏడో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. కొన్ని భయాలు పోయేటప్పుడు చెప్పి పోవు; కాలం వాటిని ఎప్పుడు తీసుకుపోయిందో మనం గమనించేసరికి, అవి లేకుండానే చాలా ఏళ్లు బతికేసి ఉంటాం.