తువ్వాలు కట్టిన స్విచ్చి

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ఖమ్మంలో ఐటీఐ పిల్లలకు ఎలక్ట్రీషియన్ పాఠం చెబుతున్నాను. స్తంభం మీద షాక్ కొట్టిందన్నారు. క్లాసు మధ్యలో వదిలేసి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

దమ్మపేట పక్కన మా అమ్మమ్మ ఊళ్ళో కరెంటంటే ఆయనే. లైసెన్సు లేదు, జీతం లేదు. అసలు లైన్‌మన్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూసుకోవాలి, ఆయన వచ్చేసరికి పొద్దు గూకేది. అందుకని మోటారు ఆగితే జనం ముందు మా మామ గుమ్మంలోకే వచ్చేవారు. అన్నం ముందు కూర్చున్నా లేచేవాడు. అత్త విసుక్కుంటే, పొలం ఎండుతుంటే బువ్వెట్లా దిగుతుందని ఎదురడిగేవాడు.

ఆయన పనికి ఒక పద్ధతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్చి హ్యాండిల్ కిందికి దించి, మెడలోని ఎర్ర తువ్వాలు దానికి ముడేసి స్తంభం ఎక్కేవాడు. తువ్వాలు ఉన్నంతసేపు ఊళ్ళో ఎవరూ హ్యాండిల్ ముట్టరు. కట్టినవాడే విప్పాలి. ఉక్కపోతకు చంటిపిల్లలు గుక్కపట్టినా ఆ కట్టుబాటు తప్పలేదు.

నా చేతికి మొదట టెస్టర్ ఇచ్చింది ఆయనే. "కరెంటుకు చుట్టరికం లేదు బిడ్డా" అని ఇచ్చినప్పుడల్లా చెప్పేవాడు. ఆ మాట పట్టుకునే నేను ఈ చదువులోకి వచ్చాను.

వచ్చాక ఆయనతోనే పేచీ. స్విచ్చి దించితే చాలదు, తీగలను భూమికి కలిపాకే చెయ్యి పెట్టాలి, అవతల నుంచి కరెంటు వెనక్కి రావచ్చు అని చెబితే నవ్వేవాడు. "తువ్వాలు కట్టినంక ఎవడేస్తడే?" అనేవాడు. పోరుపెట్టి ఒకసారి లైసెన్సు శిక్షణకు తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. పదో తరగతి పాసై ఉండాలన్నారు. ఆయనను చిన్నప్పుడే లెక్కలు రావని ఐదో తరగతిలో పంపేశారు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చొని, "బడి నన్ను రెండుసార్లు ఎళ్ళగొట్టింది" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తనివ్వలేదు.

రూలు తప్పని నేననను. ప్రాణాలతో పెట్టుకున్న పనికి చదువూ పరీక్షా ఉండి తీరాలి. కానీ ఏళ్ళ తరబడి స్తంభాలెక్కుతున్న మనిషి నేర్చుకుంటానని వస్తే, గుమ్మంలోంచే పంపేయడం ఏం రూలు? పంపేస్తే ఎక్కడం మానతాడా? ఊరు మాననిస్తుందా?

ఆ రోజు తెగిన తీగ ముడేస్తున్నాడు. హ్యాండిల్ దించే ఉంది, తువ్వాలు కట్టే ఉంది. కరెంటు లేదు కదా అని ఊళ్ళో ఒక పెళ్ళింట్లో జనరేటర్ వేశారు. దాన్ని ఇంటి మెయిన్‌కు అడ్డదిడ్డంగా కలిపినవాడు కూడా మామలాగే చూసి నేర్చుకున్నవాడే. ఆ కరెంటు వెనక్కి తిరిగి తీగలోకి వచ్చింది. పెళ్ళివారు ఏడుస్తూ వచ్చి, తాము స్విచ్చి ముట్టలేదని ఒట్టేశారు. నిజమే, ముట్టలేదు.

శవం దగ్గర అందరిదీ ఒకటే పాట, చదువు లేకున్నా ఇంజనీర్లను మించినోడని. నాకు ఒళ్ళు మండిపోయింది. మనుషుల్ని పొగిడి మునగచెట్టు ఎక్కిస్తారంటారు. మావాళ్ళు ఏకంగా కరెంటు స్తంభమే ఎక్కించారు. భూమికి కలపమన్న నా మాట ఒక్కనాడూ వినని మామ మీద కూడా కోపమే. ఆ కోపం చూపించడానికైనా ఇక ఆయన లేడు.

దహనం ముగించుకొని వచ్చేసరికి లైన్‌మన్ వచ్చి ఉన్నాడు. తీగలకు రాడ్లు తగిలించి, భూమికి కలిపి, అప్పుడు చెయ్యి పెట్టాడు. నేను కళ్ళార్పకుండా చూశాను. పని అయ్యాక హ్యాండిల్ దగ్గరికొచ్చి ఆగిపోయాడు. తువ్వాలు ఇంకా దానికే ఉంది. ఊళ్ళోవాళ్ళెవరూ కదల్లేదు.

అత్త లేచి వెళ్ళింది. బిగుసుకున్న ముడిని పళ్ళతో లాగి విప్పింది. తువ్వాలు దులిపి, మడిచి, భుజాన వేసుకుంది.

"ఆయన దిగిండు. ఇగ ఎయ్యండి" అంది.