ఎడమ భుజం నీలం

పోయిన నెల విమానాశ్రయం నుంచి ఇంటికి వస్తుంటే, పెద్ద రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయని క్యాబ్ డ్రైవరు శంషాబాద్ పాత ఊళ్లోంచి పోనిచ్చాడు. అద్దం దించి ఉంది. ఎక్కడి నుంచో వేడి రబ్బరు వాసన వచ్చింది. అరిగిన టైర్లకు కొత్త తొడుగు వేసి ఉడికిస్తారే, ఆ వాసన. నేను బండి ఆపమంటే "ఏమైంది మేడం, వాంతి గిట్ల వస్తున్నదా?" అన్నాడతను పాపం. వాంతి కాదు, ఆకలి. ఆ వాసనలో నేను ఆరేళ్లు ఉద్యోగం చేశాను. కింద టైర్ల దుకాణంలో ఉడికిన టైరు బయటికి తీసే వేళకే పైన మేం టిఫిన్ డబ్బాలు తెరిచేవాళ్లం. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నా కడుపు లేచి కూర్చుంటుంది. దుకాణం ఎక్కడుందా అని అటూ ఇటూ చూశాను. మా మేడ ఉన్న చోట రోడ్డు వెడల్పయిపోయింది. వాసన ఇంకెవరి దుకాణానిదో.

తొంభైల మొదట్లో మాట. శంషాబాద్‌కు అప్పటికి విమానాలతో పని లేదు, బెంగుళూరు లారీలతోనే పని. ఆ టైర్ల దుకాణం మీది రెండు గదుల్లో ఒక పిల్లల మాసపత్రిక నడిచేది. యజమాని, సంపాదకురాలు, బొమ్మలు వేసేది, కట్టలు లెక్కపెట్టేది అన్నీ వైదేహి గారే. తెనాలి వైపు ఆవిడ. డ్రాయింగ్ టీచరుగా చేసి, అది వదిలేసి, సిటీలో కిరాయిలు భరించలేక ఊరి చివరికి వచ్చారు. నలభై అయిదేళ్ల మనిషి, నూలు చీర, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. ఆ పెన్సిలు కోసమే అరగంట వెతికేవారు. పత్రికలో నీతికథలూ పొడుపుకథలూ ఉండేవి గానీ పిల్లలు కొనేది చివరి ఎనిమిది పేజీల కోసం. ఆ ఎనిమిది పేజీల్లో కొండంత మరమనుషులు రెండు దండులుగా చీలి కొట్టుకునేవారు. నేను మహేశ్వరం దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చేదాన్ని. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉంటే, దస్తూరి ముత్యాల్లా ఉందని తీసుకున్నారు. మరమనుషుల నోటి పక్కన మాటల బుడగలు ఉంటాయి కదా, వాటిలో మాటలు రాయడం, ఏ బొమ్మకు ఏ రంగో గుర్తు పెట్టడం నా పని.

చేరిన వారానికే ఆవిడ నన్ను బస్సెక్కించి కందుకూరు దారిలో ఒక చేను దగ్గర దింపారు. అక్కడ బోరు వేస్తున్నారు. రిగ్గు అంటే మా ఇంట్లో గిట్టదు. మా బాపు వేయించిన రెండు బోర్లూ దుమ్ము తప్ప ఏమీ ఇవ్వలేదు. నేను ముఖం తిప్పుకుని నిలబడితే, ఆవిడ గట్టు మీద చతికిలబడి ఆ యంత్రం లేచే తీరు, దాని కీళ్లు, గొట్టాలు గీస్తూ పోయారు. రిగ్గు మీద పనిచేసే ఒకాయన వచ్చి తొంగి చూశాడు.

"ఏందమ్మా, మా బండికి చేతులు కాళ్లు పెట్టినవ్? గిది లేచి నడుస్తదా?"

"నడుస్తుందండీ," అన్నారు వైదేహి గారు తల ఎత్తకుండానే. "ఎవరి మాట వింటుందో, అదే ఇంకా తేలలేదు."

ఆమె కథంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టే తిరిగేది. దండుకు పెద్ద మేరువు అనే ముసలి మరమనిషి. యుద్ధంలో మేరువు కూలిపోయాడు. ఆయన కింద ఇద్దరు, ఉరుము, మెట్ట. ఒకే అచ్చులో పోసినవాళ్లు, ఒకే ఎత్తు, ఒకే ముఖం. తేడా రంగులోనే. ఉరుము నీలం, మెట్ట ఎర్రమట్టి రంగు. ఇద్దరిలో దండును నడిపేది ఎవరు? నెలల తరబడి ఆ తగాదా సాగింది. శత్రువును పక్కన పెట్టి వీళ్లలో వీళ్లే కొట్టుకున్నారు. నేను ఉరుము పక్షం. ముందుకు దూకేవాడు, మాటకు మాట చెప్పేవాడు. అతని బుడగలు రాస్తుంటే నా చెయ్యి పరుగెత్తేది. కింద టైర్ల దుకాణం వాళ్లూ ఉరుము పక్షమే. వైదేహి గారు ప్రతి సంచికా అచ్చుకు పోయే ముందు కిందికి దిగి, టైరు మీద కూర్చుని వాళ్లకు చదివి వినిపించేవారు. ఎక్కడ వాళ్ల చూపు రోడ్డు మీదికి పోతే అక్కడ పేజీకి మడత పెట్టి, పైకి వచ్చి తిరగరాసేవారు.

"మెట్ట గెలుస్తాడు," అన్నారు ఒకరోజు, మామూలుగా, చాయ్‌లో చక్కెర చాలదన్నట్టు.

"మెట్ట భూమి సంగతి నాకు ఎరుకే మేడం. మా దగ్గర చెలక అంటం. అది ఎవర్నీ గెలిపించది," అన్నాను.

ఆవిడ నవ్వారు. "పాత సంచికలు తీసి చూడు పద్మా. యుద్ధం అయ్యాక ఉరుము ఎటు చూస్తాడో, మెట్ట ఎటు చూస్తాడో."

తీసి చూశాను. ఏడాదిగా నేనే మాటలు రాసిన పేజీలవి, ఒక్కసారీ గమనించలేదు. ప్రతి యుద్ధం చివరా ఉరుము ముందుకు చూస్తూ ఉంటాడు. మెట్ట తల వెనక్కి తిరిగి ఉంటుంది. వెనక ఎవరు పడిపోయారో, ఎవరు కుంటుతున్నారో చూస్తూ. ఒక్క మాట రాయకుండా ఏడాది ముందు నుంచే ఆవిడ పెద్దను ఎన్నుకుని కూర్చున్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. చదివేవాళ్లకు కనిపించని గొప్పతనం ఎందుకని వాదించాను కూడా. ఆ వాదనే తర్వాత నాకు అడ్డం తిరిగింది.

రంగుల పని ఇలా ఉండేది. నల్ల గీతల బొమ్మ మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, ఏ భాగానికి ఏ రంగో పెన్సిలుతో రాయాలి. దాన్ని చూసి కాటేదాన్ వైపు ఉన్న ప్రెస్సులో నర్సింలు అన్న రంగులు విడగొట్టేవాడు. ముందుగా రంగుల్లో ఒక నమూనా తీయించి చూసుకునే స్తోమత మాకు లేదు. ఒక్కటే దెబ్బ, అచ్చయి వచ్చేదే.

ఉరుము, మెట్ట తేల్చుకునే సంచిక కట్టలు వచ్చిన మధ్యాహ్నం నేనే ముందు విప్పాను. ఐదో పేజీ దాకా బాగానే ఉంది. ఆరో పేజీలో నేల మీద పడి ఉన్నవాడు ఎర్రమట్టి రంగు, వాడి మీద కాలు పెట్టకుండా చెయ్యి చాచినవాడు నీలం. "ఉరుమూ, లే. నిన్ను చంపి నేను పెద్దను కాను" అని ఉరుము తనతో తనే చెప్పుకుంటున్నాడు. ఏడూ అంతే. ఎనిమిదిలో దండంతా నీలం రంగువాడికి దండం పెడుతున్నది. అసలు బొమ్మలు తిరిగొచ్చిన కవరు తెరిచాను. పైనే ట్రేసింగ్ కాగితాలు. నా ముత్యాల దస్తూరిలో, చివరి మూడు పేజీలకు, నిలబడ్డవాడికి నీలం, పడ్డవాడికి ఎర్రమట్టి అని రాసి ఉంది.

నేను కావాలని చేయలేదు. కానీ ఎవరు నమ్ముతారు? ఉరుము గెలవాలని నెలల తరబడి గొంతు చించుకున్నది నేనే. కావాలని చేయలేదన్న మాట నాకే పూర్తిగా నమ్మకం కాలేదు, అసలు సంగతి అది. మనసులో ఉన్నది చేతిలోకి దిగిందేమో. మూడు కాగితాలూ మడిచి నా సంచిలో టిఫిన్ డబ్బా కింద పెట్టేశాను.

వైదేహి గారు పత్రిక తిరగేశారు. చాలాసేపు ఎనిమిదో పేజీ దగ్గరే ఉన్నారు. "ట్రేసింగ్‌లు తిరిగొచ్చాయా?" అని అడిగారు.

"రాలేదు మేడం," అన్నాను. రంగులు తారుమారయ్యాయని ఆవిడ ప్రెస్సుకు కబురు పంపారు.

మర్నాడు నర్సింలు అన్న వచ్చాడు. యాభై దాటిన మనిషి, గోళ్ల చుట్టూ ఎప్పుడూ సిరా మరకలు. ఇచ్చిన కుర్చీలో కూర్చోలేదు.

"సేటు నన్ను పనికి రావద్దన్నడు మేడం. పదిహేడేండ్ల సంది చేస్తున్న. మీ కాయితం మీద ఎట్ల రాసి ఉంటే గట్లనే చేసిన. కవర్ల పెట్టి పంపిన గద." నా వైపు తిరిగాడు. "చెల్లె, జర దేవులాడు. ఎక్కడన్న పడ్డయేమో."

"చూస్త అన్నా," అన్నాను. బల్లల కింద వంగి వెతికాను కూడా. అంత నాటకం నాకెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అతను మెట్లు దిగుతుంటే చెప్పుల చప్పుడు చివరిదాకా విన్నాను.

వైదేహి గారు రెండు రోజులు చూశారు. కాగితాలు దొరకలేదు, దొరకవు కదా. మూడోనాడు సాయంత్రం ప్రెస్సు యజమానికి ఉత్తరం చిత్తు రాసి, సాపు రాయమని నాకిచ్చారు. వచ్చే సంచికలో వేసే ప్రకటనలోనూ అవే మాటలు. రంగులు తారుమారు కావడానికి ప్రెస్సు కారణం కాదు, నర్సింలు గారిని పనిలోకి తీసుకోండి, తప్పు నాది అని. కింద ఆవిడ పేరు. నాలుగు వాక్యాల ఉత్తరం. "తప్పు నాది" దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నా దస్తూరిలో నేనే రాస్తున్నాను, కింద మాత్రం ఇంకొకరి పేరు రాయాలి. ఎట్లాగో రాసి, ఇచ్చేసి, ఆఖరి బస్సు కాకపోయినా అదే ఆఖరిదన్నట్టు పరుగెత్తాను.

మర్నాడు పొద్దున్నే, ఆవిడ తాళం తీసేసరికే మెట్ల మీద కూర్చుని ఉన్నాను. మూడు కాగితాలూ బల్ల మీద పరిచాను. మడతల దగ్గర పప్పు మరక ఉంది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూశారు.

"కావాలని చెయ్యలే మేడం."

"తెలుసు. కావాలని చేసేదానివైతే ఎనిమిది పేజీల్లోనూ చేసేదానివి. నువ్వు పని సగంలో వదిలే మనిషివి కాదు." కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "కాగితాలు దాచడం మాత్రం కావాలనే చేశావు."

నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. నీళ్ల గ్లాసు జరిపారు.

"నేనే అని మీకు ముందే ఎరుకనా? అందుకే ఉత్తరం నాతోని రాయించిన్రా?"

ఆవిడ నిజంగా నొచ్చుకున్నారు. "తెలిస్తే నీ చేత రాయిస్తానా? నేనంత దుర్మార్గురాలినా పద్మా? దస్తూరి బాగుంటుందని ఇచ్చాను."

కింద పేరు మార్చి మళ్లీ రాస్తానన్నాను. వద్దన్నారు. "ఈ ఆఫీసులోంచి పోయిన తప్పు నాదే. నర్సింలు గారి దగ్గర చేసింది నీది. అది ఉత్తరంలో పోయేది కాదు, నువ్వే వెళ్లాలి."

ఉత్తరం తీసుకుని కాటేదాన్ వెళ్లాను. ముందు యజమానికిచ్చి, తర్వాత నర్సింలు అన్న ఇల్లు అడుక్కుంటూ పోయాను. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను.

"మొదటి రోజే చెప్తే ఏమయితుండె చెల్లె? నాలుగు రోజులు నాకు బుక్క లోపలికి పోలే. పని పోతదని కాదు. నా కండ్లు పోయినయేమో, ఎర్రకు నీలి కనిపిస్తున్నదేమో అని పరేషాన్ అయిన. దవాఖానకు పోయి కండ్లు కూడ చూపించుకున్న."

తర్వాత అతనే లోపలికి కేకేసి "చాయ్ పెట్టుండ్రి" అన్నాడు. క్షమించానని అనలేదు, నేను అడగలేదు. చాయ్ తాగి వచ్చేశాను. మర్నాటి నుంచి అతను పనిలోకి వెళ్లాడు.

మూడు నెలలు నాకు రంగుల పని ఇవ్వలేదు వైదేహి గారు. మాటలు మాత్రం రాయించారు. తర్వాతి సంచికలో మెట్ట తన ఎర్రమట్టి రంగులోనే పెద్దగా నిలబడ్డాడు. కానీ ఎడమ భుజం మీద అరచేతంత నీలం. ఆవిడే వేశారు. ఆ తర్వాత ప్రతి సంచికలోనూ, ప్రతి బొమ్మలోనూ అది ఉండాల్సిందేనన్నారు. పిల్లలు ఉత్తరాలు రాశారు, ఆ నీలం ఏమిటని. ఎవరికీ చెప్పలేదు. నాలుగో నెల ట్రేసింగ్ కాగితాలు నా ముందు పెట్టారు. మెట్ట కనిపించిన ప్రతిచోటా నేను "ఎడమ భుజం నీలం" అని రాసేదాన్ని. సంచికకు ముప్పై, నలభై సార్లు. మొదట్లో శిక్ష అనుకున్నాను. ఆవిడకు శిక్షలు వేసే తీరిక ఉండేది కాదని తర్వాత అర్థమైంది. పెద్దరికానికి మరక ఉంటుందనీ, దాన్ని కడుక్కోకుండా నడవాలనీ ఆవిడ నమ్మారు, గీశారు, అంతే.

ఇంటింటా కేబుల్ టీవీ వచ్చాక పత్రిక ఆగిపోయింది. వైదేహి గారు పోయి కూడా చాలా ఏళ్లయింది. చివరిసారి చూసినప్పుడు కూడా పెన్సిలు చెవి మీద పెట్టుకుని పెన్సిలు వెతుకుతున్నారు. తీసి చేతిలో పెట్టాను.

ఇప్పుడు నేను బడి పుస్తకాలు తయారుచేసే చోట పన్నెండు మందికి పెద్దను. అచ్చుకు పోయే ప్రతి పుస్తకం చివరి కాగితం మీద నా సంతకం పక్కన, పెన్సిలుతో చిన్నగా, మూడు మాటలు రాస్తాను. అదేదో రంగుల కోడ్ అనుకుని మావాళ్లు పట్టించుకోరు. విమానాశ్రయం నుంచి వచ్చిన మర్నాడు, కొత్తగా చేరిన అమ్మాయి ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పుస్తకమంతా వెతికిందట, భుజమూ లేదు, నీలమూ లేదు.

"ఎడమ భుజం నీలం అంటే ఏంటి మేడం?"

ఎప్పుడూ ఎవరూ అడగలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాను.

"నర్సింలు అన్న అని ఒకాయన నాలుగు రోజులు అన్నం తినలేదని," అన్నాను.