బాల్కనీ తాడుకున్న తాళంచెవి

లమ్మడా పేటలో మాది ఐదో అంతస్తు. కింద ఇనుప గేటుకు ఎప్పుడూ తాళమే. ఎవరైనా వస్తే బాల్కనీ తాడుకు కట్టి ఉన్న తాళంచెవిని వీధిలోకి దించేవాళ్లం.

భూమి కదిలిన మధ్యాహ్నం, మోకాళ్ల నొప్పులతో నడవలేని మామ్మను మంచం మీదే వదిలేసి నలుగురం మగాళ్లం కిందికి పరిగెత్తాం. తాళంచెవి ఎవరూ తేలేదని గేటు దగ్గరికొచ్చాక తెలిసింది. ఊచలు పట్టుకుని అరిచాం. మామ్మే బాల్కనీదాకా పాక్కుంటూ వచ్చి తాడు దించింది. ఎదురు టీకొట్టాయన గేటు తీశాడు.

పైకెళ్లాక మామ్మ తిట్టనైనా తిట్టలేదు. "నన్నొగ్గేసినారు, సరే. తాళమైనా అట్టుకెల్లాల కదర్రా" అంది.

ఆ రోజు నుంచి తాళంచెవి నా జేబులోనే ఉంటోంది. మళ్లీ కదిలితే మామ్మను ఎవరు మోయాలో మాత్రం ఇంతవరకూ ఎవరమూ మాట్లాడుకోలేదు.